తొర్ర కోసం తగవు

చిన్న చిలుకలను జాతులు కలిపి ఒకే గదిలో పెంచితే ఏం జరుగుతుంది? ఎందుకు జరుగుతుంది?

మా పక్కింటి మేడ మీద పదడుగుల జాలీ గది ఒకటుంది. ఆ ఇంటి కుర్రాడు డిగ్రీ చదువుతున్నాడు, పక్షులంటే ప్రాణం. కిందటేడు దసరాకు అందులో ఏడు జతల చిన్న చిలుకలను వదిలాడు. నాలుగు జతలు బడ్జీలు, రెండు జతలు కాకటీల్స్, ఒక జత ఆఫ్రికన్ లవ్‌బర్డ్స్. సంక్రాంతి దాకా ఆ గది చూడముచ్చటగా ఉంది. అన్నీ ఒకే పళ్లెంలో కొర్రలు తిన్నాయి. ఒకే కర్ర మీద వరసగా కూర్చుని కునుకు తీశాయి.

ఇక పిల్లల్ని చేస్తాయన్న ఆశతో జనవరి చివర్లో ఆరు మట్టికుండలు తెచ్చి గోడకు కట్టాడు. వారం తిరక్కుండానే ఒక బడ్జీ కాలివేలు తెగిపోయింది. ఇంకో ఆడ బడ్జీ తలంతా నెత్తురు. ఇరవై రోజులకు కాకటీల్ పెట్టిన గుడ్లు రెండు నేల మీద పగిలి కనిపించాయి. "తిండికి లోటు చెయ్యలేదు మాస్టారూ! నీళ్లు రెండు పూటలా మారుస్తున్నాను. మూడు నెలలు అన్నదమ్ముల్లా ఉన్నవాటికి ఇప్పుడేమొచ్చింది?" అంటూ మా ఇంటికి వచ్చాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి.

జవాబు అతని ప్రశ్నలోనే ఉంది. ఆ మూడు నెలల్లో తిండి మారలేదు, నీళ్లు మారలేదు, పక్షులు మారలేదు. కొత్తగా వచ్చినవి కుండలే. మనకు కుండ అంటే ఒక వస్తువు. చిలుకకు అది లోకంలోకెల్లా కరువైన ఆస్తి. ఆ సంగతి అర్థం కావాలంటే ముందు మన ఊరి పొలిమేరలోని తాటిమోడు దగ్గరికి వెళ్లాలి.

తాటిమోడు చెప్పే సంగతి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుక. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట. రంగులో, తిండిలో, కూతలో ఈ రెండింటికీ పోలిక లేదు. ఒక్క విషయంలో మాత్రం రెండూ ఒకటే. రెండూ తొర్రలో గుడ్లు పెట్టే పక్షులు. తల విరిగిన తాటిచెట్టు మీద ఎండాకాలంలో రామచిలుకలు, గోరింకలు, పాలపిట్టలు అరుచుకుంటూ ఒకదాన్నొకటి తరుముకోవడం పల్లెలో పెరిగినవారందరికీ తెలుసు. అవి పండు కోసం కొట్టుకోవు. మోడులోని గుంత కోసం కొట్టుకుంటాయి.

కాకి పుల్లలు ఏరుకుని ఎక్కడైనా గూడు కట్టుకోగలదు. పిచ్చుక గోడ సందులో గడ్డి కూరుకుంటుంది. వడ్రంగిపిట్ట చెట్టును తొలిచి సొంత తొర్ర చేసుకుంటుంది. చిలుక జాతుల్లో చాలావాటికి ఈ విద్యలేవీ రావు. ఉన్న తొర్రను ముక్కుతో కాస్త వెడల్పు చేసుకోగలవేమో గానీ, గట్టి మాను మీద కొత్తది మొదలుపెట్టలేవు. కొమ్మ విరిగినచోట చెట్టు కుళ్లాలి, బూజు పట్టాలి, చెద తినాలి. అప్పుడు తొర్ర పడుతుంది. బడ్జీలు, కాకటీల్స్ పుట్టిన ఆస్ట్రేలియాలో ఒక యూకలిప్టస్ మానుకు పక్షులకు పనికొచ్చే తొర్ర ఏర్పడటానికి సాధారణంగా వందేళ్లకు పైగా పడుతుంది.

అంటే గింజలు ఏటా పండుతాయి, తొర్రలు తరానికొకటి పడతాయి. ఏ వస్తువు తక్కువో దాని కోసమే పోటీ ఎక్కువ. లక్షల ఏళ్లుగా తొర్ర దక్కించుకున్న ఆడచిలుకే పిల్లల్ని కన్నది, వదులుకున్నదాని వంశం అక్కడితో ఆగింది. కాబట్టి ఈనాటి ప్రతి ఆడచిలుకా తొర్ర గెలిచిన అమ్మమ్మల వారసురాలే. మేడ మీద ఏడు జతల మధ్య ఆరు కుండలు కట్టడమంటే, మనకు తెలియకుండానే ఆ పాత కరువును గదిలోకి తీసుకురావడం.

'లవ్‌బర్డ్స్' అన్న పేరుతో వచ్చిన చిక్కు

మన దుకాణాల్లో పచ్చగా, నీలంగా, వేలెడంత ఉండే పక్షులను లవ్‌బర్డ్స్ అని అమ్ముతారు. నిజానికి అవి బడ్జీలు, అంటే బడ్జరిగార్లు. అసలు లవ్‌బర్డ్స్ వేరు. అవి ఆఫ్రికా పక్షులు, అందుకే మనవాళ్లు వాటిని 'ఆఫ్రికన్ లవ్‌బర్డ్స్' అంటారు. 'రెండూ లవ్‌బర్డ్సే కదా, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది' అనుకుని ఒకే పంజరంలో వేయడం మన దగ్గర తరచుగా జరిగే పొరపాటు. పేరు కలిసినంత మాత్రాన స్వభావం కలవదు. ఒకటి ఆస్ట్రేలియా బయళ్లలో గడ్డిగింజలు వెతుక్కుంటూ గుంపుగా తిరిగే దేశదిమ్మరి. ఇంకొకటి జంటనూ గూటినీ ఏడాది పొడుగునా కాపలా కాసుకునే గృహస్థు.

| ఎవరు, ఎక్కడివారు? |
|---|
| బడ్జీ: ఆస్ట్రేలియా లోపలి ఎండు బయళ్లు. అడవి పక్షి బరువు 30 నుంచి 40 గ్రాములు. 4 నుంచి 6 గుడ్లు, రోజు విడిచి రోజు. ఆడదే పొదుగుతుంది, సుమారు 18 రోజులు. మగది బయటి నుంచి మేత తెచ్చి ఆడదానికి అందిస్తుంది. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకెళ్లాక లోకమంతా పాకింది. |
| కాకటీల్: మన దుకాణాల్లో 'కాక్‌టెయిల్' అంటారు. ఇదీ ఆస్ట్రేలియాదే. కాకటూ కుటుంబంలో అన్నిటికన్నా చిన్నది, 80 నుంచి 100 గ్రాములు. పగలు మగది, రాత్రి ఆడది వంతులవారీగా పొదుగుతాయి. |
| ఆఫ్రికన్ లవ్‌బర్డ్స్: మొత్తం 9 జాతులు. ఎనిమిది ఆఫ్రికా ఖండంలో, ఒకటి మడగాస్కర్ దీవిలో. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి పీచ్‌ఫేస్, ఫిషర్, మాస్క్‌డ్. పీచ్‌ఫేస్‌ది నమీబియా, అంగోలా ప్రాంతం. మిగిలిన రెండూ టాంజానియావి. బరువు సుమారు 45 నుంచి 60 గ్రాములు. ముక్కు మాత్రం ఒంటికి మించినంత బలమైనది. |

కుండ ఒక మీట

బడ్జీల సొంత దేశంలో వానలు ఏటా ఒకే నెలలో రావు. ఒక్కోసారి ఏళ్ల తరబడి రావు. అందుకే అవి మన కోయిలలా ఋతువు చూసుకుని కూర్చోవు. నాలుగు సంకేతాలు కలిసినప్పుడు పిల్లలకు సిద్ధపడతాయి.

మొదటిది మేత. వాన పడి గడ్డి కంకి వేస్తే పాలగింజలు దొరుకుతాయి. మనం ఉడికించిన గుడ్డు, నానబెట్టిన గింజలు, మొలకలు పెడితే పక్షి ఒంటికి అదే కబురు అందుతుంది.

రెండోది పాట. మగ బడ్జీ ఆడదాని పక్కన కూర్చుని గంటల తరబడి సన్నగా గొణుగుతుంది. అది ఉత్త ముచ్చట కాదు. 1960లలో బార్బరా బ్రాక్‌వే అనే శాస్త్రవేత్త దీన్ని పరీక్షించింది. మగదాని మెత్తని కూతలు వినిపిస్తే ఆడదాని అండాశయం పెరుగుతుందని, గుడ్లు పెట్టేదాకా వెళ్తుందని తేల్చింది. చెవిలో పడిన పాట మెదడులోని గ్రంథులను కదిలిస్తుంది, అవి హార్మోన్లను విడుస్తాయి, హార్మోన్లు అండాశయాన్ని నిద్రలేపుతాయి.

మూడోది గుంపు. ఇరుగుపొరుగు జంటల సందడి వినిపిస్తే ఈ ప్రక్రియ ఇంకా ఊపందుకుంటుంది. ఒంటరి జంట గుడ్లు పెట్టడానికి నెలలు తాత్సారం చేయడం, పక్కన మరో రెండు జంటలు చేరగానే పెట్టేయడం పెంపకందారులందరికీ అనుభవమే.

నాలుగోది, అన్నిటికన్నా బలమైనది, చీకటి గుంత. ఆడది తొర్రలో తల దూర్చి, లోపల కూర్చుని, ఆ చీకట్లో గడిపితేగాని పని పూర్తికాదు. మేత, పాట, గుంపు మందు దట్టించి ఉంచుతాయి. చీకటి గుంత నిప్పంటిస్తుంది.

అదే హార్మోన్ల ఉధృతిలో రెండు మార్పులు కలిసే వస్తాయి. ఒకటి బయటికి కనిపిస్తుంది. ఆడ బడ్జీ ముక్కు మొదట్లో మైనపు ముద్దలా ఉండే చోటు గోధుమరంగుకు తిరిగి గరుకుదేరుతుంది. రెండోది ప్రవర్తన. నిన్నటిదాకా పక్కన కూర్చోనిచ్చిన పక్షిని ఇవాళ గుంత దగ్గరికి రానివ్వదు. తల్లి కావడమూ తగవు పెట్టుకోవడమూ ఒకే మీట నొక్కితే వచ్చే రెండు ఫలితాలు. పక్కింటి కుర్రాడి గదిలో జరిగింది అదే. కుండలు లేనంతకాలం మీట నొక్కలేదు. కట్టగానే నొక్కేశాడు, ఒకేసారి మూడు జాతులకు.

ఇందులోనే ఊరట కూడా ఉంది. బడ్జీలు, కాకటీల్స్ మామూలు రోజుల్లో కొమ్మల మీదే నిద్రపోతాయి. తొర్ర వాటికి పిల్లల కాలంలోనే కావాలి. కుండలు తీసేస్తే కొద్ది వారాల్లో ఉధృతి తగ్గి, మళ్లీ సఖ్యత కుదురుతుంది.

పెద్ద పక్షి ఎందుకు ఓడిపోతుంది?

కాకటీల్ బడ్జీకి రెండింతల పైన బరువు. అయినా మేడ మీద గుడ్లు పోగొట్టుకున్నది కాకటీలే. దీనికి కారణం గుంత ద్వారంలో ఉంది.

బడ్జీ గూటికి సుమారు 4 సెంటీమీటర్ల కన్నం చాలు. కాకటీల్‌కు 7 సెంటీమీటర్లన్నా కావాలి. చిన్న కన్నంలో పెద్ద పక్షి పట్టదు. పెద్ద కన్నంలో చిన్న పక్షి దర్జాగా దూరుతుంది. అంటే బడ్జీ ఇంటికి తాళం ఉంది, కాకటీల్ ఇంటికి లేదు. పైగా కాకటీల్ నెమ్మదైన పక్షి. బుసకొట్టి బెదిరిస్తుంది, రెక్కలు విప్పి ఊగుతుంది, అవతలిది లెక్కచేయకపోతే పక్కకు తప్పుకుంటుంది. ఆడ బడ్జీకి ఆ మొహమాటం లేదు. ఖాళీగా కనిపించిన గుంతలో దూరి, ముందున్నదాని గుడ్లను బయటికి నెడుతుంది. జత దొరకని ఆడ బడ్జీ ఒక్కటి మిగిలినా చాలు, పొరుగు గూళ్లలోని పిల్లలను సైతం పొడిచి చంపగలదు.

ఆఫ్రికన్ లవ్‌బర్డ్ సంగతి ఇంకా వేరు. నమీబియాలో పీచ్‌ఫేస్‌లు రాతి సందుల్లోనూ, సోషబుల్ వీవర్ అనే గిజిగాడి చుట్టం కట్టిన పెద్ద పెద్ద గడ్డిగూళ్లలోనూ కాపురం చేస్తాయి. లవ్‌బర్డ్స్‌కు గూడు పిల్లల కోసమే కాదు, ఏడాది పొడుగునా రాత్రి పడక కూడా అదే. కాబట్టి బడ్జీలకు పనిచేసే 'కుండలు తీసేయడం' అనే మందు వీటికి పూర్తిగా పనిచేయదు. ఏ మూల పడుకుంటే ఆ మూల తమదే అనుకుంటాయి. వీటి పోరాటపు పద్ధతి కూడా ప్రమాదకరం. కాలివేళ్లు కొరుకుతాయి. తమలో తాము తలపడినప్పుడు ఎదుటిది కూడా అంతే చురుగ్గా కాలు వెనక్కి లాక్కుంటుంది. బడ్జీకి ఆ సాము తెలియదు. అందుకే వేలు తెగుతుంది.

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పారట్‌లెట్‌లు దీనికి ఇంకో నిదర్శనం. సుమారు 30 గ్రాముల పక్షి, అరచేతిలో ఇమిడిపోతుంది. గూటి దగ్గర మాత్రం తనకంటే ఎన్నో రెట్లు పెద్ద పక్షులను కూడా ఎదిరిస్తుంది. చిలుకల లోకంలో ఒంటి కొలత చూసి స్వభావం చెప్పలేం. దాని తొర్ర ఎలాంటిది, దాన్ని ఎంతకాలం వాడుకుంటుంది అన్నవి చూస్తే చెప్పగలం.

దగ్గరి చుట్టాలతోనే ఎక్కువ పేచీ

'జాతులు దగ్గరివైతే కలిసి ఉంటాయిలే' అనిపించడం సహజం. చిలుకల్లో చాలాసార్లు దీనికి తలకిందులుగా జరుగుతుంది. ఆస్ట్రేలియాలో నియోఫెమా అనే చిన్న గడ్డి చిలుకల ప్రజాతి ఉంది. టర్కాయిజ్, స్కార్లెట్ చెస్టెడ్ చిలుకలు ఇందులోవే. వీటిని ఫించ్‌లతోనో కాకటీల్స్‌తోనో కలిపి ఉంచితే సాధారణంగా గొడవ ఉండదు. ఇదే ప్రజాతికి చెందిన రెండు జంటలను ఒకచోట పెడితే మాత్రం మగవి జాలీ అవతల నుంచి కూడా తలపడతాయి. దగ్గరి చుట్టాలకు ఒకే కొలత గుంత కావాలి, ఒకే ఎత్తు కావాలి, ఒకే కాలంలో కావాలి. సైగలు ఒకటే కావడంతో ఎదుటి మగదాన్ని పోటీదారుగా వెంటనే గుర్తుపడతాయి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్న మన సామెత వీటికి అక్షరాలా వర్తిస్తుంది.

పేచీ పడకుండా కలిసిపోతే ఇంకో నష్టం. లవ్‌బర్డ్స్‌లో కంటి చుట్టూ తెల్లటి వలయం ఉన్న జాతులు నాలుగు. ఫిషర్, మాస్క్‌డ్ వాటిలోవే. ఇవి ఒకదానితో ఒకటి జతకట్టి పిల్లల్ని కంటాయి, ఆ పిల్లలకూ సంతానం కలుగుతుంది. కెన్యాలోని నైవాషా సరస్సు ప్రాంతంలో పంజరాల నుంచి బయటపడిన ఫిషర్, మాస్క్‌డ్ లవ్‌బర్డ్స్ కలిసిపోయి సంకర సంతతి స్థిరపడింది. రెండు మూడు తరాలు గడిస్తే ఏది ఏ జాతో చెప్పలేం.

జాతులు కలిస్తే ప్రవర్తనలో ఏం జరుగుతుందో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో విలియం డిల్గర్ చేసిన ప్రయోగం కళ్లకు కట్టినట్టు చూపించింది. 1962లో ఆయన దాన్ని ప్రచురించారు. పీచ్‌ఫేస్ ఆడది గూటి కోసం ఆకులనూ బెరడునూ సన్నని పట్టీలుగా కత్తిరించి, వాటిని నడుము మీది ఈకల్లో దోపుకుని ఎగిరిపోతుంది. మన ఆడవాళ్లు పని మీద బయల్దేరేటప్పుడు కొంగు బొడ్లో దోపుకున్నంత అలవోకగా చేస్తుంది. ఫిషర్‌కు ఆ అలవాటు లేదు. ఒక్కో పట్టీని ముక్కున కరుచుకుని తీసుకెళ్తుంది. ఈ రెండింటికీ పుట్టిన పిల్లలు పట్టీని కత్తిరించేవి, ఈకల్లో దోపబోయేవి, కానీ సరిగ్గా దోపలేకపోయేవి. దోపిన పట్టీని ముక్కుతో వదలకుండా మళ్లీ బయటికి లాగేసేవి. ముక్కున పట్టుకుపోయినప్పుడే పని జరిగేది. అది నేర్చుకోవడానికి వాటికి ఏళ్లు పట్టింది. నేర్చుకున్నాక కూడా ఎగిరేముందు తల వెనక్కి తిప్పే సైగ పోలేదు. ఈ సంకర పక్షులకు సంతానమూ కలగలేదు. తల్లి పద్ధతికీ తండ్రి పద్ధతికీ మధ్య చిక్కుకుని ఏళ్ల తరబడి తడబడిన ఆ పక్షులను తలచుకుంటే, రంగుల ముచ్చట కోసం జాతులు కలపడం ఎంత అన్యాయమో తెలుస్తుంది.

ఒకే గిన్నెలో రెండు ఖండాల రోగాలు

మూడు జాతులు ఒకే గిన్నెలో నీళ్లు తాగినప్పుడు కంటికి కనిపించని ఇంకో కలయిక జరుగుతుంది. ప్రతి జాతీ తనకు అలవాటైన సూక్ష్మజీవులను పెద్దగా జబ్బుపడకుండానే మోస్తుంటుంది. బడ్జీల కడుపులో ఒక రకం బూజుజీవి ఉంటుంది. చాలా బడ్జీలు దానితో నెగ్గుకొస్తాయి, కొన్ని తింటూనే ఎండిపోయి చనిపోతాయి. లవ్‌బర్డ్స్‌లో ఈకలూ ముక్కూ పాడుచేసే ఒక వైరస్ ఏ లక్షణమూ లేకుండా దాగి ఉండవచ్చు. బడ్జీ పిల్లలను గూట్లోనే చంపే మరో వైరస్‌ను 1981లో గుర్తించారు. కాకటీల్స్ ఒంటి నుంచి తెల్లటి పొడి ఎప్పుడూ రాలుతూ ఉంటుంది. ఈ పొడీ, ఎండిన రెట్టల ధూళీ రోగాన్ని గదంతా మోస్తాయి.

చిలుకల నుంచి మనిషికి అంటే జబ్బు సిట్టకోసిస్. క్లమీడియా సిట్టసి అనే బాక్టీరియా వల్ల వస్తుంది. 1929, 1930 సంవత్సరాల్లో పెంపుడు చిలుకల వ్యాపారంతో పాటు ఇది అమెరికా, యూరప్ దేశాల్లో వ్యాపించి చాలామందిని బలిగొంది. జ్వరం, పొడి దగ్గు, తలనొప్పితో మొదలై ఊపిరితిత్తులకు పాకుతుంది. సమయానికి గుర్తిస్తే మందులకు లొంగుతుంది. అందుకే పక్షుల గదిని పొడిగా ఊడవకూడదు. ముందు నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, తడిగా ఎత్తాలి. పక్షులు పెంచే ఇంట్లో ఎవరికైనా విడవని జ్వరం వస్తే, 'మా ఇంట్లో చిలుకలున్నాయి' అని వైద్యుడికి తప్పక చెప్పాలి.

ఎడారి పక్షికీ ఎండ దెబ్బే

'ఆస్ట్రేలియా ఎడారి పక్షులు కదా, మన ఎండ వాటికో లెక్కా!' అన్న మాట తరచూ వింటాను. 2009 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో 45 డిగ్రీలు దాటిన వడగాలికి వేల సంఖ్యలో బడ్జీలు, జీబ్రా ఫించ్‌లు రాలిపోయాయి. పక్షికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పి, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి వేడి వదులుకోవాలి. రొప్పేకొద్దీ ఒంట్లో నీరు పోతుంది. అడవిలోనైతే నీడ వెతుక్కుంటుంది, నీటి మడుగుకు ఎగిరిపోతుంది. మేడ మీది రేకు కప్పు కింద ఎక్కడికి పోతుంది? మూసి ఉన్న కుండలో ఐదు పిల్లల మధ్య కూర్చున్న తల్లి గతి ఇంకా కష్టం.

అందుకని రామగుండంలోనైనా రెంటచింతలలోనైనా మార్చి నుంచి జూన్ దాకా కుండలు కట్టకపోవడమే న్యాయం. ఆ నాలుగు నెలలూ పక్షులకు సెలవు.

పొరుగు గొంతు కావాలి, పొరుగు ముక్కు వద్దు

ఇంతవరకూ చెప్పినవన్నీ కలిపితే ఒక చిత్రమైన అవసరం తేలుతుంది. పిల్లల్ని కనడానికి చిలుకకు ఇరుగుపొరుగు సందడి కావాలి. పిల్లల్ని బతికించుకోవడానికి ఆ ఇరుగుపొరుగు దూరంగా ఉండాలి. ఈ రెంటినీ ఒక్క గదిలో సాధించలేం. ఒక కప్పు కింద, విడివిడి గదుల్లో సాధించగలం.

సెలవు నెలల్లో కుండలు లేని పెద్ద గదిలో బడ్జీలూ కాకటీల్స్ కలిసి ఎగరవచ్చు. రెక్కలకు కసరత్తు అవుతుంది, కొవ్వు కరుగుతుంది, జతలు తమంతట తాము కుదురుతాయి. వానలు కుదుటపడ్డాక జాతి జాతినీ వేరు చేసి, ఒకదాని గొంతు ఇంకొకదానికి వినిపించేంత దగ్గరలో పెట్టాలి. ఆఫ్రికన్ లవ్‌బర్డ్స్‌కు మాత్రం ఏడాది పొడుగునా వేరు గదే. వాటి గదికీ పక్క గదికీ మధ్య ఒకే జాలీ ఉంటే జాలీకి వేలాడే పొరుగు పక్షి వేళ్లు పోతాయి. రెండు అంగుళాల ఎడంతో రెండు వరసల జాలీ కొట్టించాలి.

బడ్జీ గుడ్లు రోజు విడిచి రోజు పెడుతుందని చెప్పుకున్నాం. తొలి గుడ్డు నుంచే పొదగడం మొదలెడుతుంది కాబట్టి ఆరు పిల్లలుంటే మొదటిదానికీ చివరిదానికీ పది రోజుల తేడా ఉంటుంది. పెద్దపిల్లకు ఈకలు మొలుస్తుంటే చివరిది ఇంకా కళ్లు తెరవని ఎర్రటి ముద్ద. తల్లి నిమ్మళంగా ఉంటే ఆ చివరిదాన్ని కూడా సాకుతుంది. గుమ్మం దగ్గర రోజూ కాపలా కాయాల్సి వస్తే ముందు ఆకలితో పోయేది ఆ చిన్నదే. మనకు ఏ నెత్తురూ కనిపించదు, 'ఎందుకో ఒకటి చనిపోయింది' అనుకుంటాం. పోట్లాటకు అసలు మూల్యం చెల్లించేది ఆ కళ్లు తెరవని పిల్ల.

| కుండలు కట్టే ముందు |
|---|
| 1. జతకు రెండేసి గూళ్లు ఉండాలి. అన్నీ ఒకే ఎత్తులో, ఒకే కొలతలో, ఎడంగా, ఒకే రోజున కట్టాలి. ఒకటి పైన ఉంటే అందరికీ అదే కావాలి. |
| 2. జత లేని పక్షిని, ముఖ్యంగా ఒంటరి ఆడదాన్ని గదిలో ఉంచకూడదు. బడ్జీలు రెండు జతలకన్నా మూడు, అంతకు మించి ఉంటే మేలు. |
| 3. గది ఎత్తుకన్నా పొడవు ముఖ్యం. చిలుకలు అడ్డంగా ఎగురుతాయి. |
| 4. మేత గిన్నెలు, నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టాలి. కొర్రలు, సామలు ప్రధానం. పొద్దుతిరుగుడు గింజలు బడ్జీలకు కొవ్వు పెంచుతాయి. అవకాడో అన్ని చిలుకలకూ విషం. |
| 5. గుడ్డు పెంకుకు కాల్షియం కావాలి. కటిల్‌బోన్, అంటే సముద్రపు నురుగు, ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. లేకపోతే గుడ్డు లోపలే ఇరుక్కుని తల్లి చనిపోవచ్చు. |
| 6. కొత్త గాల్వనైజ్డ్ జాలీని వెనిగర్‌తో రుద్ది కడగాలి. చిలుకలు జాలీని కొరుకుతాయి, దాని మీది జింకు పొట్టలోకి పోతే ప్రాణాంతకం. |
| 7. కొత్త పక్షిని 30 నుంచి 45 రోజులు వేరే గదిలో ఉంచి చూశాకే గుంపులో కలపాలి. |
| 8. కాకటీల్స్ చీకట్లో ఉలిక్కిపడి గోడలకు కొట్టుకుంటాయి, ఆ భయం గదంతా పాకుతుంది. రాత్రి ఒక చిన్న దీపం వెలగనివ్వాలి. |
| 9. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ నిమిషాల్లో పక్షులను చంపుతుంది. వంటగది గాలి వాటి వైపు రాకూడదు. |
| 10. ఏడాదికి రెండు విడతల పిల్లలు చాలు. ఆ తర్వాత గూళ్లు తీసేయాలి. |

చట్టం మాట

రామచిలుకతో సహా మన దేశపు అడవి చిలుకలను పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విదేశీ చిలుకల్లో దాదాపు అన్ని జాతులూ అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటీస్ జాబితాల్లో ఉన్నాయి. బడ్జీ, కాకటీల్, పీచ్‌ఫేస్ లవ్‌బర్డ్ ఆ జాబితాల్లో లేవు. ఫిషర్, మాస్క్‌డ్ ఉన్నాయి. జాబితాలోని జాతులను పెంచేవారు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం వివరాలను ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. కొనేముందు జాతి పేరు కచ్చితంగా తెలుసుకోవాల్సిన అవసరం ఇక్కడ కూడా ఉంది. 'లవ్‌బర్డ్స్' అన్న మాట చట్టానికి సరిపోదు.

మళ్లీ మేడ మీదికి

పక్కింటి కుర్రాడు ఆ సాయంత్రమే ఆరు కుండలూ విప్పేశాడు. లవ్‌బర్డ్స్‌ను వేరే పంజరంలోకి మార్చాడు. వేలు తెగిన బడ్జీని పశువైద్యుడికి చూపించాడు. అది ఇప్పుడు ఏడు వేళ్లతోనే కొమ్మ పట్టుకుని కూర్చోవడం నేర్చుకుంది. వేసవి గడిచాక పదడుగుల గదిని రెండు వరసల జాలీతో మూడు భాగాలు చేశాడు. బడ్జీలకు జతకు రెండు చొప్పున కుండలు, కాకటీల్స్‌కు చెక్క పెట్టెలు కట్టాడు. ఆగస్టు చివర్లో ఒక కాకటీల్ నాలుగు గుడ్లు పెట్టింది. పగలంతా మగది పొదిగేది, పొద్దుగూకే వేళకు ఆడది వచ్చి దాన్ని లేపేది. నాలుగింట్లో మూడు పిల్లలు ఎగిరాయి.

మొన్న ఆదివారం ఆ పిల్లల్ని చూపించి, "మాస్టారూ, మా తాతగారి పొలం గట్టు మీద తల విరిగిన తాడి ఒకటుంది. కాయదు, గీయడానికి పనికిరాదు, కొట్టించేద్దామని మా నాన్న అంటున్నారు. దాని తొర్రలో చిలుకలు తిరుగుతున్నాయి. ఉంచమని చెప్పాను" అన్నాడు.

మేడ మీది కుండను విప్పి మళ్లీ కట్టుకోవచ్చు. గట్టు మీది మోడును కొట్టేస్తే అలాంటి తొర్ర మళ్లీ పడటానికి ఒక మనిషి జీవితకాలం చాలదు. ఆ తాడి ఇంకా నిలబడే ఉంది.